వనవిహారానికి చోటు ఎంచుకోవడం ఎలా?

ఏటా చలికాలం దగ్గర పడేసరికి మన హాస్టలు వరండాల్లో ఒకటే చర్చ. ఈ ఏడు క్యాంపు ఎక్కడికి? ఒకరు తలకోన అంటారు. ఒకరు మారేడుమిల్లి అంటారు. ఇంకొకరు నల్లమల తప్ప వేరే పేరే ఎత్తనివ్వరు. ఎవరికి వారికి ఫోనులో చూసిన బొమ్మలే సాక్ష్యం. జలపాతం ఎంత ఎత్తు, మంచు ఎంత దట్టం, ఫొటో ఎంత బాగా వస్తుంది, ఈ మూడు సంగతులూ తేలితే చోటు ఖాయమైపోయినట్టే. తక్కినవన్నీ బస్సు ఎక్కాక చూసుకుందాం అంటారు.

చోటు ఎంచడానికి అందం ఒక్కటే చాలదని, కొంచెం భూగోళం, కొంచెం వృక్షశాస్త్రం, కొంచెం చట్టం, అన్నిటికీ మించి కొంచెం ఇంగితం కావాలని మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. నేను అటవీశాఖ ఉద్యోగిని కాను. కొండలెక్కడంలో శిక్షణ పొందినవాణ్ణీ కాను. సైన్సు చదువుకుంటున్న రైతుబిడ్డను. ఒకసారి చోటు తప్పుగా ఎంచినవాణ్ణి. ఆ అర్హతతోనే రాస్తున్నాను.

ఆ ఇసుక ఎలా వచ్చింది?

నేను మొదటి సంవత్సరంలో ఉండగా నవంబరు ఆఖరి వారంలో ఇరవై ఇద్దరం కలిసి ఒక కోనకు వెళ్లాం. కోన పేరు ఇక్కడ అవసరం లేదు. రిజర్వు ఫారెస్టు హద్దురాయికి ఇవతల, ఊరివాళ్లను అడిగి, ఒక రాత్రి ఉందామనుకున్నాం. చోటు చూసే పని నాకు అప్పగించారు. "నువ్వు పల్లెటూరివాడివి, నీకే తెలుస్తుంది" అన్నారు. నేనూ ఉబ్బిపోయాను.

రెండు గుట్టల మధ్య ఒక వంక ఉంది. మధ్యలో సన్నగా నీళ్లు పారుతున్నాయి. దాని ఒడ్డున తెల్లటి ఇసుక మేట, పరుపు పరిచినట్టు ఉంది. రాయి లేదు, ముల్లు లేదు. చెయ్యి చాపితే నీళ్లు. టెంట్లు అక్కడే వేయించాను. సాయంత్రం పైకొండల మీద మెరుపులు కనిపించాయి గాని ఉరుము వినపడలేదు. మా మీద చుక్క కూడా పడలేదు. దూరంగా ఎక్కడో వాన, మనకేమిటిలే అనుకున్నాం.

రాత్రి రెండు గంటలప్పుడు లారీలు వస్తున్నట్టు చప్పుడైంది. అది నీళ్ల చప్పుడు కూడా కాదు, నీళ్లలో దొర్లే రాళ్ల చప్పుడు. లేచేసరికి టెంటులో మోకాలు మట్టం నీళ్లు. చీకట్లో అరుచుకుంటూ గట్టు ఎక్కాం. దేవుడి దయవల్ల ప్రాణాలు దక్కాయి. రెండు టెంట్లు, వంటపాత్రలు, చెప్పులు, పుస్తకాలు కొట్టుకుపోయాయి. మా గదిలో ఉండే మిత్రుడు ఒకడు గట్టు మీద నుంచి జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఫోనుకు సిగ్నలు లేదు. వాణ్ణి నవారు మంచం మీద మోసుకుని రోడ్డు చేరేసరికి తెల్లవారింది. ఆ సెమిస్టరు ప్రాక్టికల్సు వాడికి పోయాయి.

ఇంటికి పోయి మా నాయనకు జరిగింది చెప్పాను. తిట్టలేదు. ఒక్క మాట అడిగాడు. "ఆ ఇసక ఆడికి ఎట్లొచ్చిందనుకున్నావురా?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలియనిది కాదు. ఇసుకను నీళ్లే మోసుకొస్తాయి. మెత్తగా, చదునుగా, చెత్త లేకుండా ఉందంటే ఆ చోటిని వరద ఏటా కడిగిపోతున్నదని అర్థం. పాఠ్యపుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. ఇసుక మీద నిలబడి మాత్రం గుర్తుకు రాలేదు.

తర్వాత తీరికగా ఒక లెక్క వేశాను. చదరపు కిలోమీటరు నేల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే అది 10,000 ఘనపు మీటర్లు, అంటే కోటి లీటర్ల నీళ్లు. మా కోన పైన నాలుగు చదరపు కిలోమీటర్ల కొండ ఉండి, దాని మీద అయిదు సెంటీమీటర్ల వాన పడిందనుకుంటే 20 కోట్ల లీటర్లు. మన రాయలసీమ కొండల్లో చాలాచోట్ల గట్టి రాయి, దాని మీద పలచని మట్టి. నీళ్లు ఇంకవు. అందులో సగం ఒక గంటలో దిగినా సెకనుకు 28,000 లీటర్ల చొప్పున ఆ ఇరుకు వంకలోకే రావాలి. మెరుపు కనిపించిన దిక్కుకు, మనం పడుకున్న వంకకు సంబంధం ఉందా అని ఆలోచించి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పనే ఉండేది కాదు.

మంచె వేసే పద్ధతి

మాది చెనక్కాయ పండే ఊరు. ఊడలు దిగి కాయ పట్టేనాటికి అడవిపందులు చేలమీద పడతాయి. రాత్రి కావలికి మంచె వెయ్యాలి. మంచె ఎక్కడ వెయ్యాలో నాయన ఒక పూటంతా తిరిగి చూస్తాడు. వంక ఒడ్డున వెయ్యడు. ఎండుకొమ్మ కింద వెయ్యడు. పందులు దిగే దారి కనిపించే చోట వేస్తాడు గాని, ఆ దారి మీద వెయ్యడు. చేను పక్క రైతును ముందుగా అడుగుతాడు. కేక వేస్తే ఇంకో మంచెలో మనిషికి వినపడాలంటాడు. దిగి ఊళ్లోకి పోవడానికి కాలిబాట చూసుకుంటాడు. అందం సంగతి ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు గాని, ఆ మంచె మీద నుంచి చూస్తే చుక్కలు, కొండలు, చేను అన్నీ అందంగానే కనిపిస్తాయి.

క్యాంపుకు చోటు చూడడం కూడా ఇదే పద్ధతి అని నాకు ఇప్పుడు తోస్తుంది. అయిదు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఆ అడవి ఎవరిది? ఏ కాలంలో వెళ్తున్నాం? నేల ఎలాంటిది? నీళ్లు ఎక్కడివి? తిరిగి వచ్చే దారి ఏది?

ఒకటి: అడవి ఎవరిది?

అడవి అంటే ఎవరైనా పోవచ్చు, ఎక్కడైనా పడుకోవచ్చు అనే అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. అది పొరపాటు. మన అడవుల్లో ఎక్కువ భాగం రిజర్వు ఫారెస్టు. అందులో కొన్నింటిని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యాలుగా, జాతీయ పార్కులుగా ప్రకటించారు. అభయారణ్యంలోకి బయటివాళ్లు పోవాలంటే అనుమతి కావాలి. అడవికి చేటు తెచ్చేలా నిప్పు పెట్టడం, అనుమతి లేకుండా ఆయుధం తీసుకుపోవడం నేరం. జాతీయ పార్కులో కట్టుబాట్లు ఇంకా గట్టివి. పులుల అభయారణ్యంలో నడిమి భాగాన్ని కోర్ అని, చుట్టూ ఉన్న భాగాన్ని బఫర్ అని అంటారు. మనలాంటివాళ్లు రాత్రి ఉండడానికి వీలున్న వసతులు మామూలుగా అంచుల్లోనే ఉంటాయి.

కాబట్టి మొదట చూడవలసింది పటంలో జలపాతాన్ని కాదు, హద్దును. అటవీశాఖ వారు గాని, పర్యాటకశాఖ వారు గాని రాత్రి బసకు ఏర్పాటు చేసిన చోటు ఉంటే అదే ఎంచాలి. అనుమతి కాగితం యూనియన్ కార్యదర్శి జేబులో ఉండాలి. "గార్డుతో మాట్లాడేశాం" అనేది అనుమతి కాదు. గార్డుగారి ఉద్యోగానికి కూడా అది ముప్పే.

శేషాచలం వైపు ఈ సంగతి మరీ ముఖ్యం. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దొంగరవాణా కారణంగా ఆ కొండల్లో నిఘా ఎక్కువ. 2015 ఏప్రిల్లో చందనం కూలీలుగా అనుమానించిన 20 మంది అక్కడ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అలాంటి అడవిలో చెప్పాపెట్టకుండా రాత్రిపూట టార్చిలైట్లు వేసుకుని తిరగడం సాహసం కాదు, తెలివితక్కువతనం.

రెండు: ఏ కాలం?

"వానాకాలం అయిపోయింది గదా" అని నవంబరులో బయలుదేరాం మేము. ఎవరి వానాకాలం? తెలంగాణలో, ఉత్తర కోస్తాలో వానలు ప్రధానంగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నైరుతి ఋతుపవనాల వల్ల కురుస్తాయి. తిరుపతి, నెల్లూరు వైపుకు వచ్చేసరికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల వాన చాలా ఎక్కువ. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే శేషాచలం కొండలు ఆ మేఘాలకు అడ్డునిలుస్తాయి. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వాన అటువంటిదే. ఆ నెల 19వ తేదీన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ పల్లెలు కొట్టుకుపోయాయి.

అంటే ఒకే నవంబరు నెల మారేడుమిల్లికి మంచి కాలం కావచ్చు, తలకోనకు చెడ్డ కాలం కావచ్చు. నా లెక్క ప్రకారం శేషాచలం కోనలకు జనవరి, ఫిబ్రవరి మేలు. వంకల్లో నీళ్లు ఇంకా ఉంటాయి, వరద భయం తగ్గుతుంది. నల్లమలకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. సాధారణంగా జూలై నుంచి సెప్టెంబరు ఆఖరు వరకు పులుల అభయారణ్యాల్లోకి సందర్శకులను రానివ్వరు. ఫిబ్రవరి దాటితే ఆకురాల్చే అడవుల్లో నేలంతా ఎండుటాకులు పరుచుకుంటాయి. ఒక్క అగ్గిపుల్ల చాలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలే చోట ఎలుగుబంట్లు తిరుగుతాయి.

బయలుదేరే ముందు రోజు, ఆ రోజు కూడా వాతావరణ శాఖ హెచ్చరికలు చూడడం తప్పనిసరి. అల్పపీడనం అన్న మాట కనిపిస్తే ప్రయాణం వాయిదా వెయ్యాలి. బస్సు అడ్వాన్సు పోతే పోనివ్వండి.

మూడు: నేల ఎలాంటిది?

మంచి కొండ ఎంచినంత మాత్రాన సరిపోదు. ఆ కొండలో మనం పడుకునే నాలుగు గజాల నేలను కూడా ఎంచాలి. వంకలో, వంక ఒడ్డున, ఇసుక మేట మీద టెంటు వెయ్యరాదు. చెట్ల వేళ్లకు, కొమ్మలకు ఎంత ఎత్తున గడ్డీ గాదం చిక్కుకుని ఉందో చూడాలి. గత వరద అక్కడిదాకా వచ్చిందన్నమాట. దానికి బాగా పైన, గట్టి మట్టి ఉన్న చోటు కావాలి.

అలాగని గుట్ట నెత్తిన, ఒంటిచెట్టు కింద వెయ్యకూడదు, పిడుగు భయం. మెరుపు కనిపించాక ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దాదాపుగా ఎన్ని కిలోమీటర్ల దూరమో తెలుస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది గనుక ఈ లెక్క కుదురుతుంది. ఉరుము వినపడకపోతే పిడుగు దూరమని సంతోషించవచ్చు గాని, వంకకు పైకొండ ఆ దిక్కునే ఉంటే ఆ సంతోషం చెల్లదు.

మరీ పల్లపు చోటూ పనికిరాదు. రాత్రి నేల చల్లబడినప్పుడు దానిని తాకిన గాలి బరువెక్కి నీళ్లలాగే పల్లానికి జారుతుంది. అందుకే లోయ అడుగున చలి, మంచు ఎక్కువ. పదిఇరవై మీటర్లు పైకి జరిగితే రాత్రి సుఖంగా గడుస్తుంది. ఇక నీటిగుంటకు పోయే జంతువుల జాడ, లద్దెలు, అడుగుల గుర్తులు కనిపించిన చోట ఉండనేరాదు. ఆ దారి వాటిది. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి తలకోనకు అడవిదారిన నడిచి పోతున్న భక్తుల మీద గుండాలకోన దగ్గర ఏనుగులు దాడి చేసి ముగ్గురు చనిపోయారు. ఏళ్ల తరబడి మనుషులు నడిచే దారి అయినంత మాత్రాన రాత్రిపూట అది మనుషులదే అని చెప్పలేం.

పాముల సంగతి కూడా నేలకు సంబంధించినదే. మనకు ప్రాణాపాయం ఎక్కువగా తెచ్చేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. వీటిలో కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద నిద్రపోయేవాళ్లను కరుస్తుంది. దాని కాటు నొప్పి అంతగా తెలియదు కాబట్టి ఆలస్యమవుతుంది. రాళ్లగుట్టలు, చెదపుట్టలు, ఎండుకట్టెల కుప్పలు ఉన్న చోటు మానుకోవాలి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకుంటే దోమా రాదు, పామూ రాదు. కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం చెయ్యకుండా, ఆ అవయవాన్ని కదలనివ్వకుండా ఆస్పత్రికి చేర్చాలి. విషానికి విరుగుడు మందు ఆస్పత్రిలోనే ఉంది.

నాలుగు: నీళ్లు ఎక్కడివి?

తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు అయిదు లీటర్లు వేసుకుంటే ముప్ఫైమందికి 150 లీటర్లు. స్నానాలు, పాత్రలు తోమడం వేరే లెక్క. "అక్కడ జలపాతం ఉంది గదా" అనడం జవాబు కాదు. పైన పశువులు దిగాయో, ఎవరు ఏం చేశారో మనకు తెలియదు. తేటగా కనిపించే నీళ్లలో కూడా క్రిములుంటాయి. బాగా తెర్లేదాకా కాచి తాగాలి. క్లోరిన్ బిళ్ల వేస్తే అరగంట ఆగాలి. అన్నిటికంటే మేలు, బోరు నీళ్లు ఉన్న బస ఎంచుకోవడం.

నీళ్లున్నచోట దోమలుంటాయి. మారేడుమిల్లి వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియా చాలా కాలంగా ఉన్నదే. పొడుగు చేతుల చొక్కా, దోమతెర, ఒంటికి పూసుకునే మందు తప్పవు. తిరిగివచ్చిన రెండుమూడు వారాల లోపల జ్వరం వస్తే "అడవికి వెళ్లొచ్చాను" అని డాక్టరుతో చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. డోలో బిళ్ల మింగి పడుకోరాదు.

అయిదు: తిరిగి వచ్చే దారి ఏది?

మేము మిత్రుణ్ణి మోసుకొచ్చిన రాత్రి నాకు తెలిసిన సత్యం ఇది. క్యాంపుకు, అంబులెన్సు రాగల రోడ్డుకు మధ్య దూరమే ఆ క్యాంపు ప్రమాదానికి కొలత. 108కు ఫోను చెయ్యాలంటే సిగ్నలు ఉండాలి. అది ఏ మలుపు దగ్గర దొరుకుతుందో పగలే చూసిపెట్టుకోవాలి. దగ్గరి ఆస్పత్రి ఏది, అక్కడ పాముకాటు మందు ఉందా అని ముందే అడగాలి. నల్లమలలో శ్రీశైలం పోయే అడవిదారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల దాకా వాహనాలను వదలరు. ఈ సంగతి తెలియక చెక్‌పోస్టు దగ్గర రాత్రంతా బస్సులో కూర్చున్నవాళ్లున్నారు.

మరి ఎక్కడికి పోదాం?

ఈ అయిదు ప్రశ్నలూ మనసులో పెట్టుకుని మనవాళ్లు తరచుగా చెప్పే కొన్ని చోట్లను చూద్దాం.

తలకోన: పేరులోనే ఉంది. కొండల మధ్య లోయను కోన అంటాం. తిరుపతికి సుమారు 50 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, నేరబైలు గ్రామం దాటాక ఉంది. 270 అడుగుల జలపాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఇంత ఎత్తయినది వేరే లేదంటారు. 1989లో ప్రకటించిన శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులోనిది. 2010లో శేషాచలాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించారు. వృక్షశాస్త్రం చదివేవాళ్లకు ఎర్రచందనం, మనిషి నడుము లావు గిల్లతీగ చూడదగ్గవి. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర బస దొరుకుతుంది గనుక అడవిలో పడుకోవలసిన పని లేదు. జలపాతం కింది గుండాల్లో ఈతకు దిగడం మాత్రం వద్దు. రాళ్లు నాచుపట్టి ఉంటాయి, లోతు తెలియదు.

నల్లమల: ఇక్కడి పులుల అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. ఆత్మకూరు వైపు బైర్లూటి, నంద్యాల-గిద్దలూరు దారిలో పచ్చర్ల, ఈ రెండు చోట్లా అటవీశాఖ వారి క్యాంపులున్నాయి. అడవిని అడవిగా చూడాలనుకునేవాళ్లకు ఇది తగినది. పులిని చూసి తీరాలనే పట్టుదలతో పోతే నిరాశే. చెంచులు తరతరాలుగా ఉన్న అడవి ఇది. వాళ్ల గూడేలు ఎగ్జిబిషన్లు కావు. అడగకుండా ఫొటోలు తియ్యరాదు. వాళ్లలో ఒకరిని దారి చూపడానికి కూలి ఇచ్చి తీసుకుపోతే పదిపుస్తకాల్లో దొరకని సంగతులు తెలుస్తాయి.

మారేడుమిల్లి: రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం మీదుగా భద్రాచలం పోయే ఘాటు దారిలో ఉంది. మన వైపు అడవుల కంటే పచ్చదనం, తేమ ఎక్కువ. అమృతధార, జలతరంగిణి జలపాతాలు, కొండరెడ్ల పల్లెలు, వెదురుబొంగులో వండే కోడికూర అందరికీ తెలిసినవే. ఒక తమాషా ఏమంటే, 2021లో వచ్చిన 'పుష్ప' సినిమాలో శేషాచలం అడవులుగా చూపించినదాంట్లో చాలా భాగం మారేడుమిల్లిలో తీసినదే. ఆ సినిమా చూసి శేషాచలం అంతా అలాగే ఉంటుందనుకుని వచ్చేవాళ్లు ఎండిన ముళ్లకంపలు చూసి నీరసపడతారు. తెరమీది అడవిని బట్టి చోటు ఎంచరాదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? రాయలసీమ నుంచి దూరం ఎక్కువ కాబట్టి మూడు రోజులకు తక్కువైతే పోరాదు. మలేరియా జాగ్రత్తలు మరువరాదు.

హార్సిలీ హిల్స్: మదనపల్లెకు దగ్గర. కడప కలెక్టరుగా పనిచేసిన హార్సిలీ దొర వేసవి విడిది చేసుకోవడం వల్ల ఆ పేరు వచ్చింది. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైన ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనే సూత్రం ప్రకారం మదనపల్లె కంటే మూడు, నాలుగు డిగ్రీలు చల్లన. ఇక్కడి నీలగిరి చెట్లు మనుషులు నాటినవి. దట్టమైన అడవి కావాలనేవాళ్లకు తృప్తి కలగదు. కాని బస, నీళ్లు, కొండమీదిదాకా రోడ్డు అన్నీ ఉన్నాయి. మొదటిసారి పోయే జూనియర్లకు ఇదే మేలని నా అభిప్రాయం.

వికారాబాద్ అనంతగిరి: హైదరాబాదులో ఉన్న మన పూర్వ విద్యార్థులు తరచుగా రాసే చోటు. నగరానికి సుమారు 80 కిలోమీటర్లు. మూసీ నది పుట్టేది ఈ కొండల్లోనే. అనంతపద్మనాభస్వామి గుడి ఉంది. ఒక్కరోజు విహారానికి చాలా అనువు.

కోరింగ: కాకినాడ దగ్గర గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న మడ అడవి. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. ఊపిరి పీల్చే వేళ్లు, బావురుపిల్లి, వలసపక్షులు ఉన్నాయి. జీవశాస్త్ర విద్యార్థి తప్పక చూడవలసిన చోటు. అయితే ఆటుపోట్లు వచ్చే బురదనేల. చెక్కబాట మీద నడిచి, చూసి, సాయంత్రానికి వచ్చెయ్యాలి. అందమైన ప్రతి అడవీ రాత్రి పడుకోవడానికి కాదని ఇది చెబుతుంది.

ఎవరెవరు రావచ్చు?

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్తి అవుతుంది. మా బ్యాచి క్యాంపుకు ఆడపిల్లలను పిలవలేదు. "అక్కడ వాళ్లకు వసతి ఉండదులే" అని మేమే తీర్మానించాం. ఒక సహాధ్యాయిని తర్వాత నన్ను అడిగింది, "వసతి లేని చోటు ఎంచింది ఎవరు?" అని. నా దగ్గర జవాబు లేకపోయింది. మరుగుదొడ్డి, తలుపు గడియ ఉన్న గది, దీపం, వెంట ఒక లేడీ లెక్చరరు, ఇవి ఉన్న చోటు ఎంచితే అందరూ రావచ్చు. ఫీజు కూడా అంతే. తలకు రెండువేలు పెట్టే రిసార్టు ఎంచితే నాలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఏదో తలనొప్పి అని చెప్పి హాస్టల్లో ఉండిపోతారు. చోటు ఎంచినప్పుడే ఎవరు వస్తారో, ఎవరు రారో కూడా ఎంచినట్టవుతుంది.

ముగించే ముందు

యూనియన్ వారికి నా మనవి ఒకటి. చోటు ఖాయం చేసే ముందు కనీసం ఇద్దరు ముందుగా వెళ్లి కళ్లతో చూసి రావాలి. అయిదు ప్రశ్నలకూ జవాబులు కాగితం మీద రాసి నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఊళ్లో పశువులు మేపే ముసలాయననో, కట్టెలు తెచ్చే అవ్వనో పిలిచి "ఇక్కడ పడుకోవచ్చా?" అని అడగాలి. ఆ రోజు నేను ఆ ఊరివాళ్లను ఉండడానికి వీలుందా అని అడిగానే గాని, ఎక్కడ ఉండాలి అని అడగలేదు. అడిగి ఉంటే చిన్నపిల్లవాడు కూడా చెప్పేవాడు.

మా మిత్రుడు ఇప్పుడు బాగానే నడుస్తున్నాడు. పోయిన ప్రాక్టికల్సు తర్వాతి ఏడు పూర్తి చేశాడు. కబడ్డీ మాత్రం మానేశాడు. నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఈ ఏడు క్యాంపు కమిటీలో నా పేరు రాయించింది కూడా వాడే. "ఒకసారి ముంచినవాడివి, ఈసారి జాగ్రత్తగా చూస్తావు" అన్నాడు. జనవరి సెలవుల్లో వాడూ నేనూ కలిసి ముందుగా పోయి చోటు చూసి రావాలని అనుకున్నాం.

నాకు తెలిసినంతలో రాశాను. ఇందులో లోపాలుంటే భూగోళం, వృక్షశాస్త్ర విభాగాల గురువులు, అడవులు బాగా ఎరిగిన పూర్వ విద్యార్థులు దిద్దవలసిందిగా కోరుతున్నాను.